పునీత అంతోని ఖాళీ చెయ్యి

"బూట్లు బయటే విప్పండి," అంది ఎలోయిసా తలెత్తకుండానే.

విప్పితే మేజోడుకున్న చిల్లు కనపడుతుందనీ, దానికంటే ఈ బురదే కాస్త మర్యాదగా ఉంటుందనీ జవాబొచ్చింది. అప్పుడు తలెత్తి చూసింది. గుమ్మంలో పొడుగాటి మనిషి. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తడవకుండా చొక్కాలో దాచుకొచ్చిన న్యూస్ పేపరొకటి బయటికి తీస్తున్నాడు. జూలైలో శాంటా ఫేలో మూడు దాటితే వాన దిగుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. ఈయనగారికి తెలిసీ లెక్కలేదన్నమాట అనుకుని ఎలోయిసా చిరాకుపడింది.

చిరాకే, మరేం కాదు. అతని నవ్వు బాగుందన్న సంగతి చాలా రోజుల వరకూ ఆమె ఒప్పుకోలేదు.

అతని పేరు ఫిదెల్. ఊరు పైన కొండల్లో రింకోన్ ఆల్తో. స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్. పేపరు బల్ల మీద పరిచి అందులో ఫోటో మీద వేలు పెట్టాడు. ఈ ఇంటి బొమ్మలతో వచ్చే నెల మ్యూజియంలో పెట్టబోయే ప్రదర్శన గురించి వేసిన ఫోటో అది. నీలం అంగీ వేసుకుని ఎడం చెయ్యి ముందుకు చాచిన చెక్క బొమ్మ, పునీత అంతోని.

"ఈయన మావాడు," అన్నాడు. "నలభై మూడేళ్ళ కిందట మా గుడి తలుపు పగలగొట్టి ఎత్తుకుపోయారు. ఈ ఫోటో చూసిన దగ్గర్నుంచీ మా అత్త సరిగ్గా తిండి తినడం లేదు."

ఇలాంటి మనుషులు ఆ ఇంటికి కొత్త కాదు. ఆ ఇల్లు అలాంటిది మరి. ఎలోయిసా తండ్రి సెలెస్తీనో బుస్తోస్ నలభై ఏళ్ళుగా దేశదేశాల దేవుళ్ళనీ ఇంటికి తెచ్చుకుంటూనే ఉన్నాడు. నడవ నిండా ఇథియోపియా వెండి సిలువలు. వంటింటి పక్కన బర్మా చెక్క బుద్ధుడు. ఫ్రిజ్ పైన రష్యా మరియమ్మ. మంచాల కింద ఎవరి పూర్వీకులవో మట్టి కుండలు. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలిన మనుషులు ఇద్దరే, దేవుళ్ళు మాత్రం నాలుగొందల పైచిలుకు. విరిగిన ముక్కులు అతికించడం, పురుగు తిన్న పాదాలు పూడ్చడం ఎలోయిసా పని. ఆ పని చదువుకుని మరీ నేర్చుకుంది. ఇక ఆ బుద్ధుడు తన ఇంటి స్నానాలగదిలోంచి పోయాడని వాదించిన మహానుభావుడు కూడా ఒకాయన వచ్చి వెళ్ళాడు.

అందుకే ఫిదెల్ని కూడా పాత ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. రోజూ ఎదురుగా కనపడే ఆయన్ని ఫోటో ఎవరు తీస్తారండీ అన్నాడతను. పోనీ బొమ్మని ఒకసారి చూపించమన్నాడు. అతని చేతిగీతల్లో గ్రీజు చూసి చేతితొడుగులిచ్చింది. అవి సగం వేళ్ళ దాకానే ఎక్కాయి. వాటితో చేతులు పైకెత్తి, బాతులాగా ఉన్నానా అని అడిగాడు. బాతే ఇంకా నయం అంది ఎలోయిసా.

తీరా అంతోని ముందు నిలబడ్డాక మాత్రం వేళాకోళం మానేశాడు. టోపీ తీశాడు. అంగీ అంచున కాలిన మచ్చ చూపించి, మా అత్త బాప్తిస్మం రోజున కొవ్వొత్తి పడిందట అన్నాడు. కాలిన మచ్చ లేని బొమ్మ ఈ రాష్ట్రంలో ఒక్కటి చూపించమంది ఎలోయిసా. అంది గాని, గొంతు కాస్త తగ్గించే అంది.

సెలెస్తీనో పెద్దమనిషి తరహాలోనే మాట్లాడాడు. గట్టి రుజువు చూపిస్తే తానే మోసుకొచ్చి గుడిలో పెడతానన్నాడు. ఆయన దగ్గర ప్రతి వస్తువుకీ ఒక కార్డుంటుంది. ఏ ఊరు, ఎవరింటిది, ఎవరిచ్చారు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో. అంతోని కార్డు మీద మాత్రం 'ఉత్తరపు కొండలు' అని రెండు మాటలే ఉన్నాయి. ఎందుకలా అని ఎలోయిసా ఏనాడూ అడగలేదు.

తరవాత రెండు వారాల్లో ఫిదెల్ మూడుసార్లొచ్చాడు. ఒకసారి బొమ్మ ఎత్తు కొలవాలన్నాడు, ఇంకోసారి మా అత్త ఇమ్మందంటూ ఆప్రికాట్లు తెచ్చాడు. మూడోసారి ఏ సాకూ దొరక్క ఆ ఆప్రికాట్ల పెట్టె వెనక్కి కావాలన్నాడు. పెట్టె కోసం అరవై మైళ్ళు వచ్చారా అని ఎలోయిసా అడిగితే, మంచి పెట్టె అండీ అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ వీధి చివర హోటల్లో తిన్నారు. ఎర్ర మిరప పులుసా, పచ్చ మిరప పులుసా అని అడిగితే ఆమె రెండూ అంది. ఏదీ తేల్చుకోలేని మనిషివన్నమాట అని అతను ఏడిపించాడు. తేల్చుకున్నాను కాబట్టే రెండూ అడిగానని ఆమె దబాయించింది. పులుసు ఘాటుకి ఇద్దరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి. 'మీరు' అన్న మాట ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. ఇంటికొచ్చాక అద్దంలో తన మొహం చూసుకుని, ఇదేం బాగాలేదు అనుకుంది ఎలోయిసా. బాగానే ఉంది నిజానికి.

నాలుగోసారి ఫిదెల్ అత్తని వెంటబెట్టుకొచ్చాడు. లిబ్రాదాకి డెబ్భై ఒకటి. సన్నగా, నిటారుగా ఉంది. ఒళ్ళో రొట్టెలు చుట్టే గుడ్డ మూట. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. మా ఫిదెల్‌కి కూడా మొన్ననే చెప్పాను, ముందే చెప్పుకోవలసిందంటూ మొదలుపెట్టింది.

అక్కడి పల్లెల్లో ఆడపిల్లలకి పెళ్ళి కుదరకపోతే పునీత అంతోనిని బెదిరిస్తారు. ఆయన చేతిలోని బాలయేసుని తీసి దాచేస్తారు. ఎవణ్ణో ఒకణ్ణి చూపించు, నీ బిడ్డని నీకిస్తానంటారు. పెళ్ళి కుదిరాక తెచ్చి మళ్ళీ చేతిలో పెడతారు. లిబ్రాదా కూడా ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఎవరికీ చెప్పకుండా అదే పని చేసింది. మూడో రోజున గుడిలో దొంగలు పడ్డారు.

"బిడ్డని నేను తీశాను, తండ్రిని వాళ్ళు తీసుకుపోయారు," అంది. "బిడ్డ ఉండి ఉంటే ఆయన కదిలేవాడు కాదేమో అనుకున్నాను. ఆ తరవాత ఇద్దరు ముగ్గురు అడిగారు. ఈ బిడ్డని దాచుకుని నేను పెళ్ళి ఎలా చేసుకుంటాను?"

మూట విప్పింది. బొటనవేలంత బాలయేసు. అడుగున చిన్న చెక్కమేకు.

సెలెస్తీనో కళ్ళజోడు పెట్టుకుని అంతోనిని బల్ల మీదికి తెచ్చాడు. చాచిన చేతిని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. చెయ్యి నున్నగా ఉంది. మేకు దిగడానికి రంధ్రం ఏదీ లేదు.

"అమ్మా, నన్ను క్షమించాలి," అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీది వేరే అంతోని అయి ఉంటాడు."

ఎలోయిసా ఆ నున్నటి చేతికేసి చూసింది. రంధ్రం ఉండేది. ప్రదర్శన కోసం ఏప్రిల్లో బొమ్మని శుభ్రం చేస్తుంటే చాచిన చేతి మీద పాత మట్టీ మైనమూ నిండిన గుంట కనపడింది. పురుగు తొలిచిందనుకుని మైనం, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చి, పైన రంగు వేసింది. ఆ పల్లెల్లో పుట్టిన నాయనమ్మ పెంపకంలో పెరిగి కూడా, ఆ గుంటలో ఒక బిడ్డ కూర్చునేవాడని తోచలేదు. తండ్రికి ఈ సంగతి తెలీదు. ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు. నోరు విప్పితే దొంగసొత్తు కొన్నాడని తండ్రి పేరు ఊరంతా మోగిపోతుంది, ప్రదర్శన ఆగిపోతుంది. విప్పకపోతే ఏమీ కాదు.

లిబ్రాదా ఏడవలేదు. గుడ్డ మళ్ళీ మడతలు పెట్టి, బిడ్డని చుట్టుకుని, మీకు శ్రమ ఇచ్చానంటూ లేచింది. ఫిదెల్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వెళ్తూ ఎలోయిసా వైపు చూశాడు. కోపంగా కాదు, ఓదార్పుగా చూశాడు. నీదేం తప్పులే అన్నట్టు.

ఆ చూపే ఆమెని కూర్చోనివ్వలేదు.

వాన కుండపోతగా పడుతోంది. ఎలోయిసా చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. ట్రక్కు అప్పటికే కదిలింది. దాని ముందుకెళ్ళి నిలబడి బానెట్ మీద రెండు చేతులూ వేసింది. ఫిదెల్ దిగాడు. వానలో ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మరి లోపలెందుకు చెప్పలేదు?"

"మా నాన్న మొహం చూశాను. భయమేసింది. పది నిమిషాలే."

"నీకు పది నిమిషాలు," అన్నాడు ఫిదెల్. "ఆవిడకి నలభై మూడేళ్ళు, పైన ఇంకో పది నిమిషాలు. పదండి లోపలికి." ఆ చివరి మాటలో 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. ఎలోయిసాకి చెంప మీద కొట్టినట్టయింది. పడవలసిందేలే అనుకుంది.

లిబ్రాదాని కూడా లోపలికి తెచ్చాక, ఎలోయిసా తడిబట్టలతోనే బల్ల ముందు కూర్చుంది. తండ్రికి చెప్పింది, చెబుతూనే సన్నటి కత్తి వేడి నీళ్ళలో ముంచి రంగు గీకింది. తాను పెట్టిన ముద్ద తనకి తెలుసు కదా, ఎక్కడ వదులుతుందో కూడా తెలుసు. ముద్ద ముక్కలుగా ఊడొచ్చింది. లిబ్రాదా బిడ్డని అందించింది. మేకు రంధ్రంలోకి సాఫీగా దిగింది. బాలయేసు అంతోని మొహం కేసి చూస్తూ కూర్చున్నాడు.

సెలెస్తీనో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎలోయిసా తండ్రి వైపు చూడలేకపోయింది.

"కార్డు మీద రెండు మాటలే ఎందుకున్నాయో తెలుసా అమ్మాయ్?" అన్నాడాయన. "అమ్మినవాణ్ణి ఏ ఊరని నేనడగలేదు. ఏం చెబుతాడో తెలుసు కాబట్టే అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరైనా ఈ గుమ్మం ఎక్కుతారేమోనని చూస్తున్నాను. వచ్చారు. ఇవాళ హాయిగా నిద్రపోతాను."

ఎలోయిసా తండ్రి భుజం మీద తల పెట్టి బావురుమంది. భయపడినదంతా ఆ ఏడుపులోనే పోయింది. లిబ్రాదా మాత్రం బిడ్డని మెల్లగా పైకి లాగి మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. ఇక్కడ కాదు, తీసినచోటే పెడతానంది.

మూడు వారాలకి సెలెస్తీనో అన్న మాట ప్రకారం అంతోనిని కంబళిలో చుట్టి, తన ఒళ్ళో పెట్టుకుని మరీ రింకోన్ ఆల్తోకి తీసుకెళ్ళాడు. మ్యూజియంవాళ్ళు విసుక్కున్నారు, పేపరువాళ్ళు నాలుగు మాటలన్నారు. ఆయన పట్టించుకోలేదు, భోజనం మాత్రం ఇదివరకటికంటే బాగా చేస్తున్నాడు. ఈ మూడు వారాల్లో ఫిదెల్ రెండుసార్లే ఫోన్ చేశాడు. ఏ రోజొస్తారు, ఎన్నింటికొస్తారు, అంతే. అన్నీ 'మీరు'లే.

చిన్న మట్టి గుడి. ఊరంతా అందులోనే ఉంది. బయట పొయ్యి మీద పోసోలే, మాంసంతో మొక్కజొన్న గింజల పులుసు, ఉడుకుతోంది. అంతోనిని గూట్లో నిలబెట్టగానే ముసలివాళ్ళు మోకరిల్లారు. లిబ్రాదా మూట విప్పుకుంటూ ముందుకొచ్చింది. గుడి తాళంచెవులు చూసుకునే పెత్రా అనే ముసలామె అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆగు లిబ్రాదా. పెళ్ళి కుదరందే బిడ్డని తిరిగి పెట్టకూడదు. మా అమ్మ పెట్టనివ్వలేదు, నేనూ పెట్టనివ్వను. పెళ్ళికొడుకెవరు?"

గుడంతా గొల్లున నవ్వింది. వేళాకోళమే గాని పెత్రా చెయ్యి మాత్రం కదల్లేదు. లిబ్రాదా మొహం పాలిపోయింది. నలభై మూడేళ్ళు మోసుకొచ్చిన బిడ్డ అరచేతిలో ఉండిపోయాడు. నిజమే, నియమం నియమమే కదా అని ఒకడుగు వెనక్కి వేసింది.

ఈసారి ఎలోయిసా పది నిమిషాలు కాదు గదా, పది క్షణాలు కూడా ఆగలేదు.

"కుదిరింది," అంది గట్టిగా. "నాకు."

తలలన్నీ తిరిగాయి. ఎవరితో అని పెత్రా అడిగింది. తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ ఫిదెల్ని ఎలోయిసా వేలెత్తి చూపించింది. అతని చేతిలో టోపీ జారి కింద పడింది.

"నన్నడిగావా?" అన్నాడు.

"ఇప్పుడడుగుతున్నాను. ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఈ మూడు వారాలూ సరిగ్గా నిద్రపోలేదు. ఇవాళ కూడా మూసుకుంటే ఇక జన్మంతా అంతే. నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం. కాదంటే కాదను, అందరి ముందే అను."

ఫిదెల్ టోపీ తీసుకోవడం కూడా మర్చిపోయి, బెంచీల మధ్య నుంచి నడిచొచ్చాడు.

"ఫోన్ చేసినప్పుడల్లా 'నువ్వు' అందామనే చేశాను," అన్నాడు. "నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నీ మీద కోపం ఆ సాయంత్రమే పోయింది. అరవై మైళ్ళు రావడానికి సాకు లేక ఇన్నాళ్ళూ ఆగాను. సరేనా అంటే, సరే. వెయ్యిసార్లు సరే."

సెలెస్తీనో ఎవర్నీ అడక్కుండానే ఇద్దరి తలల మీదా చేతులు పెట్టాడు. పెళ్ళెప్పుడని కూడా అడగలేదు. పెత్రా కూడా ఆ సంగతి తరవాత చూసుకుందాం అంటూ పక్కకి తప్పుకుంది.

లిబ్రాదా గూటి దగ్గరికి వెళ్ళింది. మేకు మొదటిసారికే దిగింది. చెయ్యి వెంటనే తియ్యలేదు. బిడ్డ గట్టిగా కూర్చున్నాడని నమ్మకం కుదిరాక, ముందు బెంచీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఎలోయిసా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"అమ్మయ్య," అంది లిబ్రాదా తలెత్తి. "ఇక ఆకలేస్తోందే అమ్మాయీ."