లేదన్న కడుపు

చంద్రగిరి కొండల అంచున, వేరుసెనగ చేలు ముగిసి సర్కారు అడవి మొదలయ్యే చోట ఓబయ్య కళ్లం ఉండేది. యుద్ధం జరుగుతున్న నాలుగవ ఏడు. ఆనాటి సాయంకాలం ముగ్గురు మగవాళ్లు అక్కడ కూర్చొని మరునాటి దుప్పివేటకు ఏర్పాట్లు చేసుకొంటున్నారు. పెద్దవాడైన ఓబయ్య బూడిదతో నేలమీద కొండను గీసి, వంకను గీసి, దుప్పులు నీటికి దిగే దారిని వేలితో చూపించాడు.

"చిన్నబ్బా, నువ్వు పైనుంచి అదిలించాల. మునిరత్నం ఈ బండచాటున కూసుంటాడు. గాలి ఎదురుగా ఉంటాది, మన వాసన వాటికి పోదు."

"ఫారెస్టు గార్డు సంగతేంది మామా?" అని అడిగాడు మునిరత్నం.

"పెండ్లికని పూతలపట్టుకు పోతాడంట," అన్నాడు చిన్నబ్బ. "ఉన్నా ఏం భయంలే. పోయినసారి మన కూర తిని, ఉప్పు తక్కువని మనల్నే తిట్టినాడు ఆయప్ప."

నవ్వులు సద్దుమణిగిన పిమ్మట ఓబయ్య తన నాటు తుపాకిని నడుమ ఉంచాడు. వేటకు పోయే ప్రతివాడూ దానిమీద చెయ్యి వేసి, తన ఇంట గర్భిణి లేదని పలకాలి. భార్య కడుపుతో ఉండగా మగడు ప్రాణిని చంపరాదన్నది వారి కట్టుబాటు. చిన్నబ్బ పలికాడు. మునిరత్నం వంతు వచ్చింది.

అతని భార్య వరదమ్మకు ఐదవ నెల. ఇంతకు మునుపటి రెండు కాన్పులూ మన్నుపాలయ్యాయి. ఈసారి దిష్టి తగులుతుందని ఆమెను గడప దాటనివ్వక, ఊరికి తెలియనివ్వక కాపాడుకొంటున్నాడు. ఆమెకు అన్నం సహించడం లేదు. నెలనాళ్లుగా అడుగుతున్నది ఒక్కటే, దుప్పి మాంసం. ఆ కోరిక తీరకుంటే ఈ బిడ్డ కూడా దక్కదని మంత్రసాని చెప్పింది.

"ఏమప్పా, ఆలోసిస్తా ఉండావు?" అన్నాడు ఓబయ్య. "ఉంటే ఉండాదని చెప్పు. గురి తప్పనోడివి నువ్వొక్కడివే. నీ ఇంట్లో కాన్పయినాకనే పోదాం."

మునిరత్నం చల్లని ఇనుముమీద చెయ్యి వేశాడు.

"మా ఇంట్లో కడుపుతో ఎవురూ లేరు మామా."

అంతవరకు అడవి అంచున ఎండుటాకులమీద ఏదో మెల్లగా మసలుతున్న చప్పుడు... ఆగిపోయింది.

"మేకేమోలే," అన్నాడు చిన్నబ్బ.

మునిరత్నం ఇంటిదారి పట్టేసరికి మునిమాపు కమ్ముకొన్నది. తడిసిన వెంట్రుకల వాసన, దానితోపాటు పచ్చిపాల వాసన, గాలి లేకున్నా అతని వెంట వచ్చాయి. వెనుక అడుగుల సవ్వడి. తేలికైన, గట్టి అడుగులు. అతడు ఆగాడు. అవీ ఆగాయి. అతడు కదలకముందే అవి కదిలాయి... చేనిలోకి దిగి, అతన్ని దాటి, ఊరివైపు సాగిపోయాయి. వేరుసెనగ మొక్కలు రెండుగా విచ్చుకొంటూ పోతున్నాయి. వాటి నడుమ ఏమీ లేదు.

అతడు పరుగెత్తాడు.

కిరసనాయిలు దొరకని రోజులవి. ఇంట దీపం లేదు. పొయ్యి వెలుగులో వరదమ్మ కూర్చొని ఉన్నది. కమ్మగా, ఇల్లంతా మాంసం వాసన.

"ఏమ్మే... ఏం తింటా ఉండావు?"

"నువ్వు పంపినదే కదా. ఇంత తొందరగా పంపిస్తావని అనుకోలేదు."

"ఎవురు తెచ్చినారు?"

"ఎవురో ఆడామె. వాకిట్లోనే నిలబడింది, తల ఎత్తనేలేదు. ఆకులో పెట్టి ఇచ్చింది. అప్పుడింకా వెచ్చగా ఉండింది."

"వరదా... మేమింకా వేటకే పోలేదు."

ఆమె నములుతూనే ఉన్నది.

"ఆయమ్మకి తిక్కేమో. 'ఈ ఇంట్లో కడుపుతో ఎవురూ లేరని నీ మొగుడే చెప్పినాడు. లేనిదాన్ని నేను తీసుకుంటే మీకేం నష్టం?' అనింది. నాకు నవ్వొచ్చింది. సరే, తీసుకోమ్మా అంటిని."

పొయ్యిలో కట్టె విరిగి పడింది. వరదమ్మ అతని చేతిని అందుకొని తన కడుపుమీద ఉంచుకొన్నది.

"సూడు. అప్పటినుంచీ ఒకటే తన్నుడు."

అరచేతికింద ఏదో తగిలింది. చిన్నది. గట్టిది. కొనన రెండుగా చీలినది...

కొండమీదనుండి ఆడదుప్పి ఒకటి, ఒక్కమారు, పిలిచింది.

ఆ కదలిక ఆగింది... ఆలకించింది... మెల్లగా కొండవైపుకు మళ్లింది.