డ్రాప్ బాక్స్ లైన్‌లో పిచ్చుక

"ఈ సాయంత్రం ఎనిమిది లోపు లైబ్రరీ ముందున్న, ఓటు కవర్లు వేసే డ్రాప్ బాక్స్ తగలబడుతుంది," అన్నాడు చీఫ్ ప్రూయిట్. "తగలబడకుండా చూడటం నీ పని, పిచ్చుకా."

పిచ్చుక అనేది కోడ్ నేమ్. అసలు పేరు ఇంగా హాల్వర్‌సన్. పదకొండు దేశాల్లో మారువేషాలు వేసిన ఏజెంట్. కానీ ఆ మాట వినగానే ఆమెకు శత్రువు గుర్తుకు రాలేదు, కూతురు గుర్తొచ్చింది.

"సార్, ఆ బాక్స్ దగ్గర ఇవాళ మా సోల్వే ఎన్నికల డ్యూటీ చేస్తోంది."

"తెలుసు. తనని తప్పిస్తే వాళ్ళకి అనుమానం వస్తుంది."

సోల్వే పుట్టినప్పటి నుంచీ ఆమె భయపడని రోజు లేదు. ద్రాక్షపండు గొంతులో ఇరుక్కుంటుందేమో, స్కూలు బస్సు మంచు మీద జారుతుందేమో, మెట్ల మీద పడుతుందేమో. అవేవీ జరగలేదు. అన్నీ కలిపి ఇవాళ్టికి దాచిపెట్టాడా దేవుడు అనిపించింది.

"ప్లాన్ ఎవరిది?"

"విదేశీ ముఠాది. ఆ బాక్స్‌లో ఊరి ఓట్లు సగం ఉన్నాయి. కాలితే రేపు జనం ఒకళ్ళనొకళ్ళు నమ్మరు, వాళ్ళకి కావలసింది అదే. నిప్పు పెట్టే కవరు తెచ్చేవాణ్ణి గుర్తుపట్టగలిగేది మిరెల్లా ఒక్కతే. నీతో వస్తుంది."

మిరెల్లా ఆ ముఠాలోంచి ఫిరాయించి వచ్చిన మనిషి. పొడుగు మెడ, నిప్పుకణికల్లాంటి చెవిపోగులు, గదిలోకి వస్తే గది సర్దుకునే రకం. ఆమె రాకముందే చీఫ్ ఒక స్టీలు కాసరోల్ డిష్ ఇంగా చేతిలో పెట్టాడు. మూతకు నాలుగు క్లిప్పులు.

"ఎలాంటి మంటనైనా మింగేస్తుంది. దీని సంగతి ఎవరికీ చెప్పకు. ఎవరికీ."

నెరిసిన విగ్గు, లావు కళ్ళద్దాలు, బుగ్గల్లో దూది. డెబ్భై అయిదేళ్ళ ముసలమ్మ తయారైంది. ఆఫీసు కారు దగ్గరికి వెళ్ళి ఇంగా అలవాటు కొద్దీ వెనక తలుపుల అంచున ఉన్న చిన్న మీటలు కిందికి నొక్కింది. పిల్లలు లోపలినుంచి తలుపు తెరవకుండా ఉండే లాక్. సోల్వేకి ఇరవై ఏళ్ళు నిండినా, ఎవరి కారైనా సరే, అది నొక్కందే ఆమె బండి తీయదు.

ముందు సీట్లో కాసరోల్ ఉంది కాబట్టి మిరెల్లా వెనక కూర్చుంది.

"శత్రువుని పట్టుకోవడానికి వంట కూడా చేశావా, డియర్?" అంటూ నవ్వింది.

"ముసలమ్మ వేషం కదా. వంట లేకపోతే నమ్మరు."

వాన. ఓటుకి ఇవాళ ఎనిమిది గంటలే ఆఖరు కాబట్టి, కార్లోంచే కవరు వేసి పోయేవాళ్ళతో లైబ్రరీ చుట్టూ కార్ల లైను. మధ్యలో ఎవరూ దూరకుండా రెండు వైపులా సిమెంటు దిమ్మలు పెట్టారు. ఒకసారి లైన్‌లోకి వెళ్తే వెనక్కి లేదు, పక్కకి లేదు. ముందు ఒక ట్రక్కు, వెనక ఒక వ్యాను. వైపర్లు కొట్టుకుంటున్నాయి.

దూరంగా పసుపు రంగు కోటులో సోల్వే. పొద్దున టిఫిన్ దగ్గర కూతురు అన్న మాట గుర్తొచ్చింది. "అమ్మా, పోస్టులో వచ్చిన నీ బ్యాలట్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. వేస్తావా, అలంకారానికి పెట్టుకున్నావా?" తల్లి ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుందని ఆ పిల్ల నమ్మకం. ఇంగా కంగారుగా కవరు అంటించి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

"మన మనిషి కనిపించాడా?" అని అడిగింది.

"కనిపించింది," అంది మిరెల్లా. "స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది."

ఇంగా భుజం మీదుగా ఒక కవరు ముందుకొచ్చింది. అచ్చం బ్యాలట్ కవరే. కొంచెం బరువుగా ఉంది. అద్దంలో మిరెల్లా వేళ్ళ మధ్య లిప్‌స్టిక్ అంత రిమోట్ మెరిసింది.

"బాక్స్ మీద కెమెరా ఉంది. ప్రభుత్వ ఏజెంటే స్వయంగా మంట పెట్టినట్టు రేపు టీవీలో వస్తుంది. అందుకే నువ్వు కావలసి వచ్చావు."

"వెయ్యకపోతే?"

"ఆ పసుపు కోటు పిల్ల పక్కకి కారు వెళ్ళగానే నొక్కుతాను. నొక్కిన నిమిషానికి అంటుకుంటుంది. మీ అమ్మాయే కదా? కళ్ళు నీవే."

వేస్తే బాక్స్ కాలుతుంది, పక్కన సోల్వే. వెయ్యకపోతే కారు కాలుతుంది, అప్పుడూ పక్కన సోల్వే. దిగి పరిగెడదామంటే తలుపు సగం తెరుచుకుని దిమ్మకి తగులుకుంటుంది. దేవుడా, నా బిడ్డ చలికోటు బటన్లయినా పెట్టుకుందో లేదో అనుకుంది, ఆ సమయంలో కూడా.

ట్రక్కు కదిలింది. సోల్వే వంగి డ్రైవరుకి ఏదో చెప్పి, అరచేతిని బోర్లించి, వెల్లకిలా తిప్పింది. ప్రతి కారుకీ అదే.

"మీ పిల్ల అందరికీ చెయ్యి ఊపుతోంది. బాగా పెంచావు," అంది మిరెల్లా.

ఇంగా కవరు మెల్లగా తిప్పి చూసింది. రంగు సరిపోయింది. బార్‌కోడ్ సరిపోయింది. కింద సంతకం చోటు ఖాళీ.

ఓటు రహస్యమైనది కాబట్టి కవరు మీద పేరెవరు రాస్తారు అనుకుని ఉంటారు ఆ తెలివైనవాళ్ళు. లోపలి కాగితం రహస్యం. బయట సంతకం లేకపోతే ఆ ఓటుకు దిక్కులేదు. ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్ళంతా ఎప్పుడో ఒకసారి మర్చిపోయేదీ అదే.

ఇంగా సంతకం వైపు కిందికి తిప్పి పట్టుకుంది.

కారు బాక్స్ పక్కకి వచ్చింది. ఆమె అద్దం దించి చెయ్యి చాచింది. వెనక 'టిక్' మని చిన్న చప్పుడు. మిరెల్లా తొందరపడి నొక్కేసింది.

"ఆగండి మామ్మగారూ!" సోల్వే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒకసారి తిప్పి చూపించండి. అయ్యో, సంతకం చెయ్యలేదే!"

"మర్చిపోయానమ్మా," అంది ఇంగా, ముసలి గొంతుతో.

"పర్వాలేదు, మా అమ్మా అంతే. అదిగో, ఆ కోన్ల దగ్గర ఆపి సంతకం చేసి నడిచి రండి."

సోల్వే అడ్డంగా కట్టిన తాడు తీసింది. ఆ దిమ్మల మధ్య ఉన్న ఒకే ఒక్క సందు అది. ఇంగా యాక్సిలరేటర్ తొక్కింది.

"బయట పారెయ్! ఒక్క నిమిషమే ఉంది!" మిరెల్లా తలుపు పిడి లాగింది. తెరుచుకోలేదు. రెండో తలుపు. అదీ అంతే. "ఏం చేశావు నువ్వు?"

"నేనేం చెయ్యలేదు. అలవాటు."

కోన్ల అవతల చీకట్లో ఇంగా బ్రేకు వేసింది. కవరు వేళ్ళని కాలుస్తోంది. డిష్‌లో పడేసి మూత పెట్టింది. ఒక క్లిప్పు. రెండు. మూడు. నాలుగోది బిగిసిన క్షణంలో లోపల 'ధబ్' మంది. కారంతా ఊగింది. మూత ఎర్రబడి, మెల్లగా నల్లబడింది.

ఆమె దిగి కారు లాక్ చేసి, కోటు బటన్‌లో దాచిన మైకులో మాట్లాడింది. "కాసరోల్ ఉడికింది. వచ్చి దించుకోండి."

వెనక సీట్లో మిరెల్లా అద్దం మీద అరచేతులతో కొడుతూనే ఉంది.

చీఫ్ మనుషులు వచ్చేసరికి ఇంగా హ్యాండ్‌బ్యాగుతో వానలో బాక్స్ దగ్గరికి నడుస్తోంది. ఎనిమిదైంది, బాక్స్ మూసెయ్యడానికి సోల్వే చేతిలో తాళం ఉంది.

"రండి రండి, లైన్‌లో ఉన్నవాళ్ళని కాదనం. చేశారా సంతకం?"

ఇంగా తన సొంత కవరు తీసి తిప్పింది. పొద్దుటి కంగారులో అంటించిన కవరు. సంతకం చోటు ఖాళీ.

సోల్వే నవ్వు ఆపుకుంటూ పెన్ను ఇచ్చింది. ఇంగా పెన్ను పట్టుకుని నిలబడిపోయింది. దొంగ పేరు రాస్తే నేరం. రాయకపోతే ఓటు పోతుంది. అసలు పేరు రాస్తే పాతికేళ్ళ రహస్యం పోతుంది. సిమెంటు దిమ్మలు ఎంతో నయం.

రాసింది.

సోల్వే ఆ పేరు చదివింది. విగ్గు వంక చూసింది. మళ్ళీ పేరు చదివింది. తర్వాత తన కోటు పైబటన్ పెట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే.

"ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇవాళ పని ఎక్కువైనట్టుంది," అంది. "తేదీ కూడా వెయ్యి, అమ్మా. అదీ మర్చిపోతావు."