అమ్మగారికి ఆలివ్ డబ్బా

కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీ వెనుక గదిలో, భారతదేశపు రొయ్యల భవిష్యత్తు ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని వణుకుతోంది. దాని పేరు గోపీనాథ్. స్వస్థలం తాడేపల్లిగూడెం. గూఢచారి శాఖలో సాహసానికి కాకపోయినా మర్యాదకు పెట్టింది పేరు.

"శత్రుముఠా వైరస్ తయారుచేసిందండీ," అన్నాడు చీఫ్ వరదానం, ఐసు పొగలోంచి. "చిన్న గాజు సీసా. కాలువలో కలిపితే కొల్లేరు చుట్టూ ఒక్క రొయ్య మిగలదు. అది గ్రీకు దీవుల్లో చేతులు మారుతోంది. మీ దంపతులు తెరచాప పడవలో షికారుకెళ్లినట్టు వెళ్లాలి. మన ఏజెంట్ తేజశ్రీ కలుస్తుంది. కోడ్: 'ఎండ మండిపోతోందండీ'."

భార్య గాయత్రిదీ ఆ శాఖలోనే ఉద్యోగం. ఆమె తండ్రి వెంకట్రాజు రొయ్యల చెరువులకు నీళ్లు ఆ కాలువ నుంచే వస్తాయి.

"సీసా దొరక్కపోతే నాన్నగారికి మొహం ఎలా చూపిస్తామండీ?" అందామె.

ఏజియన్ సముద్రం మహాకావ్యాలకు యోగ్యమైనది. మన కథానాయకుడు మాత్రం రెయిలింగు మీద వాలి, దానికి వాంతులతో అభిషేకం చేశాడు. చుక్కాని గాయత్రి పట్టింది. గుండీలో కెమెరా, వాచీలో రేడియో ఉప్పునీటికి మూగబోయాయి.

పారోస్ దీవి రేవులో ఎర్రటోపీ పెట్టుకున్న సుందరి ఒకతె పడవ ఎక్కింది.

"ఎండ మండిపోతోందండీ."

తేజశ్రీ! ఆమె చెప్పిన ఆచూకీ పట్టుకుని నాక్సోస్ వెళ్లారు. ఖాళీ. అక్కణ్ణుంచి మరో దీవి, ఇంకో దీవి. ఎక్కడికి వెళ్లినా ముఠా అప్పటికే జారుకునేది. చివరికి వీడ్కోలు చెబుతూ తేజశ్రీ ఒక డబ్బా అందించింది.

"ఆలివ్ కాయలండీ. కైకలూరులో మా అమ్మగారున్నారు, కాలువ గట్టు మీదే ఇల్లు. ఏమీ అనుకోకపోతే..."

"భలేవారే! అనుకోవడానికేముందండీ?"

తుపాకీ గురిపెట్టినా చలించని వీరుడు 'మా అమ్మగారు' అన్న మాటకు కరిగిపోయాడు. ఊరికి వెళ్లేవాడు ఇంకొకరి మూట కాదనడం ఆ ప్రాంతంలో అమర్యాద. లోపలేముందని అడగడం అంతకు మించిన అమర్యాద.

ఏలూరు స్టేషనుకు మామగారే కారు తెచ్చారు.

"సముద్రం ఎలా ఉంది అల్లుడుగారూ? చెరువు ఈసారి బ్రహ్మాండంగా ఉందండీ, రొయ్యలు పట్టేదాకా ఉండిపోండి."

"అలాగేనండీ," అన్నాడు గోపీనాథ్, కిటికీలోంచి బయటకు చూస్తూ. ఆ చెరువులను కాపాడలేక వట్టి చేతులతో తిరిగొచ్చినవాడికి ఆ పిలుపు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

కనీసం ఈ ఒక్క పనైనా సక్రమంగా చేద్దామని, కాలువ గట్టు దగ్గర కారు ఆపించి డబ్బా పట్టుకెళ్లాడు. తలుపు సందులోంచి ఒక తెల్లజుట్టావిడ డబ్బా అందుకుంది, "థాంక్స్" అంది, తలుపు వేసేసింది.

"ఏమన్నారండీ?" అడిగింది కారు దగ్గర గాయత్రి.

"థాంక్స్ అన్నారు."

"కూతురెలా ఉందని అడగలేదూ?"

"లేదు."

"లోపలికి రమ్మనలేదూ? కాఫీ?"

"మంచినీళ్లు కూడా ఇవ్వలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూతురి దగ్గర్నుంచి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేసే తల్లి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

గోపీనాథ్‌కు అప్పుడు వెలిగింది. దీవి దీవినా గాలించిన సీసా ఆలివ్ కాయల మధ్య తన బ్యాగులోనే షికారు చేసింది! తేజశ్రీ శత్రువులకు అమ్ముడుపోయిందన్నమాట. దాన్ని విమానమెక్కించి, మామగారి కాలువ దాకా మోసుకొచ్చింది మాత్రం స్వయంగా తనే.

పరుగెత్తారు. ఇంటి వెనుక కాలువ తూము మీద నిలబడి ఆవిడ సీసా మూత తిప్పుతోంది. దడి మీద ఆరుతున్న విసురువలను గాయత్రి లాగి విసిరింది. వల విచ్చుకుని ఆవిడ మీద పడింది. చేతిలోంచి జారిన సీసాను, నీటికి బెత్తెడు ఎత్తులో, గోపీనాథ్ బోర్లా పడి ఒడిసిపట్టాడు. వలలో ఒక పక్క తెల్లజుట్టు విగ్గు, మరో పక్క ముఠా తాలూకు నల్లజుట్టు గూఢచారిణి!

"శభాష్!" అన్నాడు మర్నాడు వరదానం. "తేజశ్రీ కూడా ఏథెన్స్‌లో దొరికిపోయింది. ఇంతకీ సీసా ఏ దీవిలో చిక్కిందండీ?"

గోపీనాథ్ ఐసు దిమ్మల వైపు చూశాడు.

"చెప్పండి," అంది గాయత్రి.

"నా బ్యాగులోనండీ."

తన సిగ్గుకు ఆ గదిలో చలి సరిపోలేదనిపించింది గోపీనాథ్‌కు. ఐసులా కరిగి తూములోంచి పోవడానికైనా సిద్ధమే.

"ఇకమీద ఎవరి పార్సిలూ ముట్టనండీ," అన్నాడు.

అంతలో చీఫ్ భార్య వెంకటనరసమ్మ కాఫీలతో వచ్చింది. చంకలో ఒక జాడీ కూడా ఉంది.

"మీ తాడేపల్లిగూడెం వెళ్తున్నారట కదండీ? మా చెల్లెలికి కాస్త మాగాయ..."

గోపీనాథ్ రెండు చేతులూ చాచాడు. ముందు కాఫీ ఇచ్చారు కనుక, అనుమానించడానికి ఆధారాలు లేవు.