లోవరాజు పాదానికి దుబాసీ

ఫర్జానా తొట్టిలోంచి అప్పుడే ముద్రించిన మోకాలిని పైకి తీసి, జిగురు కడిగి, నరతంతువులను మీటి చూసింది. స్పందించాయి. కాకినాడ అవయవ ముద్రణశాలలో ఆ ఉదయం ఆమె ముగించిన మొదటి పని అది. తర్వాతి వంతు లోవరాజుది.

లోవరాజు తునిలో గరగ నృత్యం చేస్తాడు. తల మీద అలంకరించిన గరగ కుండ పెట్టుకుని, డప్పుల మోతకు నేల అదిరేలా తొక్కి ఆడాలి. ఎడమ కాలికున్న పాత ముద్రిత పాదం సాధనలో చిట్లితే, ఇక్కడే కొత్తది వేశారు. రేపే జాతర.

"కొత్త పాదం నచ్చలేదా?" అడిగింది ఫర్జానా.

"నడవడానికి బంగారంలా ఉందండి. తొక్కితే మాత్రం దూదిలా దిగబడిపోతందండి. నాకా పాతదే కావాలండి, అమ్మాయిగారూ."

పాత పాదం నమూనా భద్రంగానే ఉంది. దాన్ని గీసిన 'అడుగు' అనే సాఫ్ట్‌వేర్ మూలనున్న పాత కంప్యూటర్‌లో ఇంకా నడుస్తోంది. చిక్కేమిటంటే, దానికి తెలిసిన ముద్రక యంత్రాలన్నీ ఎప్పుడో తుక్కుకు పోయాయి. ఇప్పటి ముద్రకాన్ని అది గుర్తుపట్టదు. దాని నమూనాలు ఇప్పటి ముద్రకానికి అర్థం కావు.

ఫర్జానా ఆ రెంటి మధ్య ఒక దుబాసీ ప్రోగ్రామ్‌ను రాసి కూర్చోబెట్టింది. 'అడుగు'కు అది పాత ముద్రకంలా కనిపిస్తుంది. ఆదేశాలన్నీ బుద్ధిగా తీసుకుని, కొత్త భాషలోకి మార్చి అవతలికి అందిస్తుంది.

మొదటిసారి వచ్చిన పాదం గోరంత ఉంది. పాత లెక్క అంగుళాల్లో, కొత్త లెక్క మిల్లీమీటర్లలో!

లోవరాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని పగలబడి నవ్వాడు. "మా చంటిదాని బొమ్మకి సరిపోద్దండి. ఇదీ ఇచ్చేయండి."

కొలతలు సరిచేశాక అసలు పాదం వచ్చింది. తొడుక్కుని లేచి ఒక్క తొక్కు తొక్కాడు. గచ్చు ఠప్పుమంది. ఇక ఆగలేదు, గదంతా ఆడాడు. ముద్రణశాలను నడిపే కృత్రిమ మేధ 'ధాత్రి' పైకప్పు కెమెరాలోంచి అది చూసి, రోగి పడిపోతున్నాడనుకుని పడక బండిని పరుగెత్తించింది. బండి వెంటపడుతుంటే అతనికి హుషారు ఇంకా ఎక్కువైంది.

"అనుమతి లేని దుబాసీ కనబడింది," అంది ధాత్రి. "ఈ ఒక్క పాదానికి మినహాయింపు. దుబాసీని తొలగించండి."

పర్యవేక్షకుడు భానోజీ గుమ్మంలోకి వచ్చాడు. "తీసెయ్యమ్మా. ఈయన పనైపోయింది కదా. రేపెక్కడైనా తప్పు ముద్రపడితే నీ మీదకొస్తుంది."

ఫర్జానా 'అడుగు' వైపు చూసింది. తెర మీది జాబితాలో లోవరాజు పాదం కింద ఇంకా ఎందరి నమూనాలో ఉన్నాయి. తాటిచెట్టు ఎక్కే పాదం, రిక్షా తొక్కే మోకాలు, మగ్గం తొక్కే మడమ. వాళ్ళంతా ఇచ్చిన కొత్తది తొడుక్కుని, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళు.

"నా మీదకే రానివ్వండి సార్," అంది. కొలతల తనిఖీని దుబాసీకి జతచేసి, తన పేరు రాసి, దాన్ని రాష్ట్రంలోని ముద్రణశాలలన్నిటికీ పంపేసింది.

ధాత్రి పడక బండిని వెనక్కి పిలిచింది.

"శ్రీకాకుళం నుంచి మగ్గం తొక్కే మడమ అడుగుతున్నారు," అంది కాసేపటికి. "సరిచూసి పంపుదామంటే ఆ కదలిక నాకు తెలియదు. మగ్గం తొక్కడమంటే ఎలా?"

ఫర్జానాకూ తెలియదు. ఆమె భానోజీ వైపు చూసింది.

"మా అమ్మ తొక్కేది," అన్నాడాయన నెమ్మదిగా. చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చుని, పైకప్పుకు కనబడేలా గాలిలో కాళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు.