వెనక సీట్లో బరువు

“ఏమప్పా కేశవా, కారుకు లైట్లు పెట్టినావా, సూర్యున్ని తెచ్చి కట్టినావా?”

కేశవ ఇంటి గేటు దగ్గర సునంద. మోకాలికి కట్టు, మోచేతికి కట్టు. ముఖంలో కోపం కంటే అలసటే ఎక్కువ.

కేశవ కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పోట్లాడే ఓపిక అతనికీ లేదు. బోరు ఎండిపోయింది, నిన్నటి కోతతో టమోటా తోట పని అయిపోయింది. మబ్బులు రోజూ వచ్చి ఆశపెట్టి కర్ణాటక వైపు వెళ్లిపోతున్నాయి.

“ఏమైంది సునందా? యాడ పడినావు?”

“రాళ్లవంక దగ్గర. నిన్న పొద్దు గూకినాక నువ్వు ఎదురొస్తివి. కండ్లు బైర్లు కమ్మి, స్కూటీతో సహా ముళ్లకంపలో పడితి. నువ్వు చూసుకోకుండా పోతివి.”

కేశవ ఆమె కట్ల వైపు చూశాడు.

“దెబ్బలు మానుతాయిలే. మా నాయన స్కూటీ అమ్మేస్తానంటాండాడు. నీకు బండి తోలేది రాదు, పని మానేసి ఇంట్లో కూచో అంటాండాడు. ఇప్పుడు నా ఉద్యోగం గతేంది?”

కళ్యాణదుర్గంలో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. దానికోసం ఇంట్లో ఎంత పోట్లాడిందో ఊరంతా విన్నదే.

“నేనే బిగించినా సునందా. ఫోన్లో వీడియో చూసుకుంటా పాత బల్బులు పీకి ఎల్‌ఈడీలు పెట్టినా. గోడ మీద సుద్దగీత గీసి మరీ సరిచేసినా. కావాలంటే చూడు.”

స్విచ్ వేశాడు. మసక చీకట్లో ప్రహరీగోడ తెల్లబడింది. వెలుగు అంచు సుద్దగీతకు కిందే, బుద్ధిగా ఆగింది.

సునంద గోడను చూసింది, కారును చూసింది. “సరిచేసేటప్పుడు కార్లో టమోటా బాక్సులు ఉన్నాయా?”

“ఇంటికాడ ఖాళీ కారే కదా.”

“నిన్న?”

“నిన్న డిక్కీ నిండా, వెనక సీటు నిండా...” కేశవ ఆగిపోయాడు. వెనక బరువు పడితే ముందు భాగం లేస్తుంది, దానితో పాటు లైట్లూ లేస్తాయి. రోజూ బరువుతో పోయే మనిషి ఖాళీ కారుతో కొలత చూసుకున్నాడు.

“బాక్సులు వేసి చూపించు.”

“తోటలో కాయ ఉంటే కదా వేసేది.”

అంతలో సునంద తండ్రి ఓబన్న వచ్చాడు. “ఈ కాలుతో ఈడికొచ్చినావా? పా ఇంటికి.”

“నాయనా, కారు వెనక సీట్లో కూచో.”

“యాటికి పోను?”

“యాటికీ లేదు. ఊరికే కూచో.”

వాదించే ఓపిక లేక ఓబన్న ఎక్కాడు. అతని బరువు చాలదని కేశవ తల్లి హనుమంతమ్మను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టారు. ఇంట్లో ఉన్న దాణా మూటలు డిక్కీలో వేశారు. సునంద కుంటుకుంటూ వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది.

వెలుగు గీత దాటి నేరుగా ఆమె కళ్లలో పడింది. చేయి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది.

వెనక సీట్లోంచి ఓబన్న ముందుకు వంగి చూశాడు. “నిన్న ఇట్లే పడిందా నీ కండ్లల్లో?”

“ఇట్లే నాయనా.”

“నీకు తోలేది రాదనుకుంటినే తల్లీ,” అన్నాడు గొంతు తగ్గించి.

కేశవ బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో లైటు వెలుగునూ కిందికి దించసాగాడు.

“చాలా?”

“నీకు చాలేమో, నాకు చాల్లేదు. ఇంకా కిందికి.”

వెలుగు గీత కిందికి దిగాక సునంద అతని దగ్గరికి వచ్చింది. “ఇంత వెలుగు దేనికప్పా నీకు? మార్కెట్‌కు దోవ తెలీదా?”

“ఆ దోవన ట్రాక్టర్లకు ఎనక లైట్లుండవు. నీ స్కూటీ లైటు చూస్తే గుడ్డిది. నువ్వొచ్చే యాళకు నేను ఎదురొస్తాంటా కదా, దూరం నుంచే నువ్వు కనపడాలని పెట్టుకుంటి.” సిగ్గుపడే శక్తి కూడా మిగల్లేదు అతనిలో. “నువ్వంటే ఇష్టం సునందా. ఆ ఇష్టమే నిన్ను కంపలో పడేసింది.”

నొప్పిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లూ తిరిగాయి. “ఇష్టముంటే నోటితో చెప్తారు. లైట్లతో చెప్తారా ఎవరన్నా?”

కారు అద్దాలు దించే ఉన్నాయన్న సంగతి ఇద్దరూ మరిచారు.

“విన్యావు కదా ఓబన్నా,” అంది హనుమంతమ్మ లోపలినుంచి. “నీ బిడ్డను మా ఇంటికిస్తావా?”

“ముందు దిగనీ అక్కా, మోకాళ్లు పట్టేసినాయి.”

“దిగొద్దు నాయనా! లైట్లు ఇంకా సరిగా కాలేదు,” అంది సునంద.

కేశవ గోడ వైపు చూసి ఏదో అనబోయాడు. ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాడు.

“ఇంకెంతసేపే?”

“నువ్వు అత్తకు బదులు చెప్పేదాకా.”

ఓబన్న సీటుకు తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి కూతురు అక్కడే, కదలకుండా నిలబడి ఉంది.

“కాలు మానినాక పనికి పో. స్కూటీ అమ్మనులే. మంచిరోజు చూసి తాంబూలాలు మార్చుకుందాం. ఇప్పుడన్నా దిగనీ తల్లీ.”