ఇటుకల మీద లారీ

అరవై ఎనిమిదిలో నరసన్నపేటలో లారీ నేర్పే స్కూళ్లు రెండుండేవి. ఒకదాంట్లో లారీ నడిచేది. రెండోదాంట్లో నడిచేది కాదు. కళింగపట్నం నుంచి వచ్చి బస్సు దిగిన జాలరి కుర్రాడు కొండబాబు మొదటి స్కూల్లో చేరదామనే వచ్చాడు. ఖర్మకాలి దారి అడిగింది మాత్రం రెండో స్కూలు వాళ్లమ్మాయిని.

"నడిసే లారీ ఉన్న స్కూలు ఎటేపు?"

బుల్లమ్మ నడుం మీద చెయ్యేసుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"అదా? నిన్న సింతసెట్టుని గుద్దీసింది. మొన్న కల్లుపాకలో దూరిపోనాది. మా స్కూల్లో ఏడేళ్లయి ఒక్క యాక్సిడెంటు నేదు తెలుసా!"

"మీ లారీ నడవదా ఏటి?"

"నడిస్తే కదా గుద్దడానికి!"

ఇందులో ఏదో తిరకాసుందని కొండబాబుకి తోచింది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్లలో ధీమా చూశాక తోచినదంతా మరిచిపోయాడు. ట్రంకుపెట్టె అక్కడే దించేశాడు.

బుల్లమ్మ తండ్రి సూరయ్య పుట్టింది జాలరి ఇంట్లోనే. అయితే పడవెక్కితే వాంతులు. పదేళ్లకే సముద్రానికో దండం పెట్టి పారిపోయి, తరవాత మిలిటరీలో చేరి ఇరవై ఏళ్లు లారీలు కడిగాడు. కడిగీ కడిగీ ప్రేమ పుట్టి, వేలంలో ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి ఇంజనూ లేదు, ముందు చక్రాలూ లేవు. ఇటుకల మీద నిలబెట్టి స్కూలని బోర్డు కట్టాడు.

పాఠం మహా జోరుగా సాగేది. ఇంజను చప్పుడు శిష్యుడే నోటితో చెయ్యాలి. సూరయ్య బానెట్ ముందు నిలబడి ఒకసారి ఎద్దుబండీ, ఒకసారి రైలుగేటూ, ఒకసారి గొర్రెలమందా అయ్యేవాడు. గొర్రెలమంద అయినప్పుడు ఆయనకి ఒళ్లు తెలిసేది కాదు. స్టీరింగు మీద శిష్యుడి చేతులు కనిపెట్టి చూసే పని పక్కన కూర్చున్న బుల్లమ్మది.

"గేదె వస్తన్నాది! ఎడమకి!"

"డుర్ర్‌ర్... తిప్పీసాను మేస్టారమ్మా!"

"శభాష్!"

ఆషాఢంలో వాన పట్టుకుంది. లారీ కప్పు కారుతోంది. బుల్లమ్మ లారీలోనే గొడుగు విప్పింది. ఒక గొడుగు కింద ఇద్దరు సర్దుకోవాలంటే కాస్త దగ్గరగా జరగాలి. జరిగారు. కొండబాబు నోట్లో ఇంజను ఆగిపోయింది.

"ఏటి, ఆగిపోనావు?"

"వానకి తడిసిపోనాది."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటుంటే కొండబాబుకి ఇక ఆగే ఓపిక లేకపోయింది. తిన్నగా సూరయ్య దగ్గరికి వెళ్లి, "మావా, మీ గుంటని నాకిచ్చీ" అన్నాడు.

"ఏడేళ్లలో నా దగ్గర నేర్సినోడికి ఒక్కడికీ పని దొరకనేదురా," అన్నాడు సూరయ్య తడిసిన మీసం పిండుకుంటూ. "నువ్వు డ్రైవరు పని సంపాదించు, పిల్లనిస్తాను. నేదంటే ఇంటికెల్లి వల లాక్కో."

లైసెన్సు సంగతి తరవాత. ముందు పనిలో పెట్టుకునేవాళ్లు కావాలి. సూరయ్య ఇద్దరు యజమానుల్ని ఒకే రోజు రైసుమిల్లుకి రప్పించాడు. మిల్లు ఓనరు నరసింగరావుది కొత్త లారీ. విశాఖపట్నం దాకా బియ్యం తోలుతుంది. తాతమ్మది ఎండుచేపల లారీ. కళింగపట్నం నుంచి కోటబొమ్మాళి సంతకి వెళుతుంది. అది వస్తున్నట్టు కంటికన్నా ముందు ముక్కుకి తెలుస్తుంది.

అచ్చంగా పెళ్లిచూపులే. సూరయ్య కొండబాబు ముఖానికి పౌడరు రాయించి, కాఫీ గ్లాసులు అతని చేతే ఇప్పించాడు.

"హారను కొట్టమను, ఇందాం," అంది తాతమ్మ.

కొండబాబు తల వంచుకుని నోటితో కొట్టాడు.

"గొంతు బాగున్నాది. నీకు ఏ లారీ కావాలిరా?"

అతను బుల్లమ్మ వైపు చూశాడు. ఆమె కొత్త లారీ వైపు కళ్లెగరేసింది.

"బియ్యం లారీ," అన్నాడు.

తాతమ్మ మూతి తిప్పుకుంది. నరసింగరావు అతని పక్కనెక్కి కూర్చుని, "గేటు ఎడమ పక్క. నెమ్మదిగా పోనీ," అన్నాడు. కుడిపక్కన ఊకకుప్ప ఉంది.

కొండబాబు నెమ్మదిగానే పోనిచ్చాడు. ఎంతో నమ్మకంగా కుడికి తిప్పాడు. కొత్త లారీ అద్దాల దాకా ఊకలోకి వెళ్లిపోయింది. ఊకలోంచి ముందు నరసింగరావు తుమ్ము వచ్చింది, తరవాత నరసింగరావు వచ్చాడు.

"ఊక ఎత్తే పనికైతే రేపు రా," అని కండువా దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

బుల్లమ్మకి ఏడుపొచ్చింది. "ఎడమకి అంటే కుడికి తిప్పుతావేటి!"

"ఎడమకెల్లాలంటే కుడికే కదా తిప్పాల!" అన్నాడు కొండబాబు అయోమయంగా. "పడవెనక తెడ్డు కుడికి నెడితేనే పడవ ఎడమకెల్తాది. నాలుగు నెల్లయి అలగే తిప్పుతన్నాను. మేస్టారమ్మ శభాష్ అంతన్నాది!"

సూరయ్య కూతురి వైపు తిరిగాడు.

"నిన్ను పక్కన కూకోబెట్టింది ఆడి సేతులు సూడమనే కదే! నాలుగు నెల్లు ఏటి సూసినావు?"

 బుల్లమ్మ ముఖం ఎర్రబడింది.

"ఏటి సూసినావే?"

"ఆడి మొకం!" అంది బుల్లమ్మ గట్టిగా. "మొకమే సూసినాను. సేతులెప్పుడూ సూడనేదు. సాలా?"

మిల్లు కూలీలంతా పని ఆపేశారు. పౌడరు మీద ఊక అంటుకుని నిలబడిన కొండబాబుకి పోయిన పని గుర్తుకే లేదు. నవ్వాపుకోలేకపోతున్నాడు.

తాతమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టింది. "ఈడిని నేనెట్టుకుంతాను. డ్రైవరుగానే. గానీ ఈ గుంట పక్కన కూకోవాల. సేతులే సూడాల."

"పెళ్లికాని పిల్ల లారీలో తిరగడమేటి?" అన్నాడు సూరయ్య.

"అయితే పెళ్లి సేసి ఎక్కించు. అది కూడా నేనే సెప్పాలేటి?"

శ్రావణంలో పెళ్లయింది. నెల తిరక్కుండా లైసెన్సూ వచ్చింది. తొలి ప్రయాణంలో కళింగపట్నం దాటిన దగ్గర్నుంచి బుల్లమ్మ కన్ను స్టీరింగు మీంచి కదలలేదు. మలుపు మలుపుకీ ఎడమ, కుడి అని గదమాయిస్తూనే ఉంది. కోటబొమ్మాళి దగ్గరపడేసరికి కొండబాబు ముఖం ముడుచుకుపోయింది.

"పొద్దున్నించి నా వంక ఒక్కపాలైనా సూడనేదు నువ్వు."

"లారీ నడుస్తుంటే ఎలాగ సూడను?"

కొండబాబు నడిరోడ్డు మీద బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు. వెనకాల వచ్చిన ఎద్దుబళ్లు మూడూ ఆగిపోయాయి. బండివాళ్లు ఎంత అరిచినా లారీ చాలాసేపు కదలలేదు.