కిటికీలోంచి చాచిన చెయ్యి

పొద్దున్నే కాఫీ గ్లాసుల పక్కన కోర్టు నోటీసు పెట్టింది కోడలు. మంగళవారం పదింటికి ఎర్రలైటు దాటిన కారు ఆమెదే. ఆ టైముకి ఆమె డ్రైవింగ్ స్కూల్లో ఎవరికో క్లచ్చు తొక్కడం నేర్పుతోంది.

"ఇవాళే వాయిదా. నిజం చెప్పండి, కారెవరు తీశారు?" అంది మొగుణ్ణి చూస్తూ.

"నన్ను చూస్తావేం? నేను బస్సులో పోయాను."

"ముందు రెండు చలాన్లూ మీవే, నా నెత్తిన వేసుకున్నా. ఇది మూడోది. నా లైసెన్సు ఆపేస్తారు. లైసెన్సు లేని టీచరుని స్కూల్లో ఎవరుంచుకుంటారు?"

అతను భుజాలు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే అంతే మరి. ఆమె అనుమానం గట్టిపడింది.

మూల కుర్చీలో మామగారు కళ్లద్దాలు మూడోసారి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి, ఒక్క చలానా లేకుండా రిటైరైన మనిషి. కోడలికి డ్రైవింగు నేర్పిందీ ఆయనే. "కోర్టుకి నేనూ వస్తానమ్మా," అన్నారు. కొడుకుని వెనకేసుకు రావడానికే కాబోలు అనుకుందామె. ఎంతైనా తండ్రీకొడుకులు ఒకటే.

ట్రాఫిక్ కోర్టులో కేసుకి రెండు నిమిషాలు. "నడిపింది నేను కాదండి," అందామె. మేజిస్ట్రేటు ఫొటోని తెరమీద పెద్దది చేయించాడు. ఎండకి అద్దం మెరిసి మొహం కనబడలేదు. కిటికీలోంచి మాత్రం ఓ చెయ్యి నిటారుగా బయటికి చాచి ఉంది, మలుపు తిరుగుతున్నానని వెనకవాళ్లకి చెబుతూ. ఇండికేటరు వేసి కూడా చెయ్యి చాచే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

"గుర్తుపట్టారా?"

చెబితే ఆయన లైసెన్సు పోతుంది, చెప్పకపోతే తనది. ఆమెకి ఏడుపొచ్చింది. నేనేనండి అనబోయింది.

వెనక బెంచీలోంచి మామగారు లేచారు. "ఆ చెయ్యి నాదండి. ఎర్రదీపం నాకు కనబడలేదు. ఆర్నెల్లుగా అంతా మసకే. చెబితే బండి ముట్టుకోనివ్వరని దాచాను. ఆ పిల్లకేం తెలీదు." జేబులోంచి లైసెన్సు తీసి బల్లమీద పెట్టారు.

కంటి పరీక్ష నెగ్గేదాకా నడపొద్దన్నాడు మేజిస్ట్రేటు. కోడలి మీద కేసు కొట్టేశాడు.

తిరుగుదారిలో ఆయన పక్క సీట్లో కూచున్నారు. "పొద్దున వాణ్ణి అనవసరంగా తిట్టించాను."

"ముందు రెండింటికీ చెల్లుకి చెల్లు లెండి."

సిగ్నలు దగ్గర కారాపింది. ఆయన కాలు తన వైపు లేని బ్రేకుని తొక్కింది. "ఎరుపేనా అమ్మా?"

"ఎరుపే, మామయ్యా." ఆమె కళ్లు తుడుచుకుంది. పచ్చ పడ్డాక గేరు వేస్తూ అంది. "మీ వైపుకే తిరగాలి. చెయ్యి మీరు చాచండి."

ఆయన అద్దం దించి, చెయ్యి నిటారుగా చాచారు.